రొయ్యల కంటైనర్‌కు ట్రైలర్ బండి: మొత్తం బరువు సరిపోతే చాలదు, యాక్సిల్ బరువు చూడాలి

మీరు అడిగింది ఇదీ: భీమవరం చుట్టుపక్కల ప్లాంట్ల నుంచి విశాఖ పోర్టుకు నలభై అడుగుల రీఫర్ (సరుకును చలిలో గడ్డకట్టి ఉంచే) కంటైనర్లు వేయాలి. అందుకు పాత 4×2 పుల్లర్ (ముందొకటి, వెనకొకటి యాక్సిల్, అంటే ఇరుసు ఉండి ట్రైలర్‌ను లాగే బండి) ఒకటి, మూడు యాక్సిళ్ల స్కెలిటల్ ట్రైలర్ (కంటైనర్ కూర్చునే ఉత్త చట్రం) ఒకటి విడివిడిగా కొందామనుకుంటున్నారు. ఇప్పటిదాకా నడిపింది మామూలు లారీలే. 45.5 టన్నుల పాసింగ్ (సరుకుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు) ఉంది కదా, 24 టన్నుల సరుకు వేస్తే ఇబ్బంది ఉండదు కదా అని మీ ప్రశ్న. ఇంకా కాగితాలు, ట్రైలర్ తగిలించే పద్ధతి, మన రోడ్ల సంగతి కూడా అడిగారు.

బరువు దగ్గర్నుంచి మొదలుపెడదాం. మీ లెక్కలో మొత్తం సరిపోతుంది కానీ డ్రైవ్ యాక్సిల్ (ఇంజన్ తిప్పే పుల్లర్ వెనక యాక్సిల్) సరిపోదు. 2018 జులైలో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 11.5 టన్నులు, జంట యాక్సిళ్లకు 21, ట్రైలర్ వెనక మూడు యాక్సిళ్లకు కలిపి 27. ముందు యాక్సిల్‌కు 7 వేసుకుంటే 4×2 పుల్లర్, మూడు యాక్సిళ్ల ట్రైలర్ కలిసి 45.5 అవుతుంది. 6×4 పుల్లర్ (వెనక జంట యాక్సిళ్లున్నది) అయితే 55.

ఇప్పుడు మీ బండికి లెక్క వేద్దాం. అంకెలు ఉజ్జాయింపువి, మీ ట్రైలర్‌కు టేపు పెట్టి మళ్లీ వేసుకోండి. పుల్లర్ ఖాళీ బరువు 7 టన్నులు, అందులో ముందు 4.8, వెనక 2.2. ట్రైలర్ 6.5. రీఫర్ డబ్బా ఖాళీగా 4.7. డబ్బా ముందు తగిలించే జెన్‌సెట్ (రీఫర్‌కు కరెంటిచ్చే డీజిల్ జనరేటర్) 0.8. సరుకు, అట్టపెట్టెలతో కలిపి 24. మొత్తం 43 టన్నులు. 45.5 కన్నా రెండున్నర తక్కువ, కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కానీ ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందో చూడండి. కింగ్‌పిన్ (ట్రైలర్ ముందు భాగం అడుగున ఉండి పుల్లర్‌కు తగిలే పిన్ను) నుంచి వెనక మధ్య యాక్సిల్‌కు 8 మీటర్ల దూరం, డబ్బా ముందు అంచు కింగ్‌పిన్‌కు ఒక మీటరు ముందుకు ఉన్నాయనుకుందాం. డబ్బా పొడవు 12.2 మీటర్లు, దాని నడిమధ్య కింగ్‌పిన్‌కు 5.1 మీటర్ల వెనక పడుతుంది. డబ్బా, సరుకు కలిపిన 28.7 టన్నుల్లో 5.1 బై 8 వంతు, అంటే 18.3 టన్నులు వెనక యాక్సిళ్ల మీదికి పోతే మిగతా 10.4 కింగ్‌పిన్ మీద పడతాయి. ట్రైలర్ సొంత బరువులో 1.8, జెన్‌సెట్‌ది దాదాపు 0.9 (కింగ్‌పిన్‌కు ముందు వేలాడుతుంది కనుక దాని బరువు కన్నా కాస్త ఎక్కువ) కలిపితే కింగ్‌పిన్ మీద 13.1. ఫిఫ్త్ వీల్ (కింగ్‌పిన్‌ను పట్టుకునే, పుల్లర్ మీది పళ్లెం) డ్రైవ్ యాక్సిల్‌కు అర మీటరు ముందు బిగించి, పుల్లర్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 3.5 మీటర్లు ఉంటే, ఆ 13.1లో ఏడో వంతు ముందుకు పోతుంది. మిగతా 11.2 డ్రైవ్ యాక్సిల్ మీదే. దానికి సొంత 2.2 కలపండి: 13.4 టన్నులు. పరిమితి 11.5. ముందు యాక్సిల్ 6.7 దగ్గర, ట్రైలర్ యాక్సిళ్లు 22.9 దగ్గర హాయిగా ఉంటాయి, మధ్యలోది ఒక్కటే దాదాపు రెండు టన్నులు ఎక్కువ మోస్తుంది. రీఫర్ మిషన్ డబ్బా ముందువైపే ఉంటుంది కనుక నిజంలో ఇంకాస్త ఎక్కువే.

దాంతో ఏం పోతుందో టైరు చెబుతుంది. టైరు పక్కన 149/146 అని ఉంటే, రెండో అంకె జంటగా వేసినప్పటి లెక్క. 146 అంటే ఒక్కో టైరుకు 3,000 కిలోలు, నాలుగింటికి 12 టన్నులు. 13.4 వేసి మే నెల ఎండలో విశాఖ దాకా లాగితే లోపలి టైరు ముందు వేడెక్కుతుంది, పక్క గోడ పొరలు విడిపోయి పేలుతుంది, మరుక్షణం బరువంతా బయటి టైరు మీద పడి అదీ పోతుంది. టైర్ల నాణ్యత బాగాలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఈ లెక్క ఒక్కసారీ వేసుకోరు. హబ్ బేరింగులు, స్ప్రింగ్ పట్టీలు ఆ తర్వాతి వంతు.

కాబట్టి ఈ కొలతల 4×2కు సరుకు 18 టన్నుల దగ్గర ఆపాలి. ప్లాంటువాళ్లు 24 వేస్తామంటే 6×4 పుల్లర్ కొనండి. అదే సరుకుకు జంట యాక్సిళ్ల మీద 15 టన్నుల చిల్లరే పడుతుంది, పరిమితి 21. డీజిల్, టైర్ల ఖర్చు పెరుగుతుంది, నిజమే. అయినా ఈ పనికి సరైన బండి అదే అని నా గట్టి అభిప్రాయం. సరుకును వెనక్కి జరిపి సర్దుబాటు చేద్దామనుకోకండి. రీఫర్‌లో తలుపుల దగ్గర గాలి తిరగడానికి ఖాళీ ఉండాలి, పైన ఎర్ర గీత దాటి పేర్చకూడదు. అలా కాదని పేరిస్తే మైనస్ 18 డిగ్రీల చలి నిలబడదు, పెట్టెలు మెత్తబడతాయి.

కాటా దగ్గర యాక్సిల్ బరువు తీయడం తేలికే, వేరే మిషన్ అక్కర్లేదు. ముందు యాక్సిల్ ఒక్కటే ప్లాట్‌ఫామ్ ఎక్కించి ఆపి ఒక చీటీ తీసుకోండి. డ్రైవ్ యాక్సిల్ కూడా ఎక్కించి రెండోది, బండంతా ఎక్కించి మూడోది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే డ్రైవ్, మూడోదాంట్లోంచి రెండోది తీసేస్తే ట్రైలర్ యాక్సిళ్లు. తూచేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉండాలి, బ్రేకు వదిలి ఉండాలి. ప్లాట్‌ఫామ్, బయటి నేల ఒకే మట్టంలో ఉన్న కాటానే ఎంచుకోండి. ఎత్తుపల్లాలుంటే బరువు ఒక యాక్సిల్ నుంచి ఇంకోదానికి మారి చీటీ తప్పు చెబుతుంది. ఈ చీటీలు పోర్టులోనూ పనికొస్తాయి. 2016 జులై 1 నుంచి ఎగుమతి కంటైనర్ అసలు బరువు ధ్రువీకరించి ఇవ్వకపోతే ఓడ ఎక్కించరు.

పాత పుల్లర్ అన్నారు కాబట్టి ఇంకో మాట. 2018కి ముందు రిజిస్టరైన 4×2 ఆర్‌సీలో 40.2 టన్నులే ఉండొచ్చు. పరిమితి పెరిగిందని దానంతట అది మీ బండికి వర్తించదు, ఆర్‌సీలో ఏముందో అదే లెక్క. అమ్మేవాడి మాట కాదు, ఆర్‌సీలో యాక్సిల్‌వారీగా రాసిన బరువులు చదవండి. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 ఉంది. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ మీదే. సీలు వేసిన రీఫర్‌ను రోడ్డు మీద తెరిచి సరుకు దింపడం అంటే ఆ కన్‌సైన్‌మెంట్ పోయినట్టే. తూకానికి ఆపకుండా పోతే 40,000.

ఎత్తు సంగతి. రీఫర్లు దాదాపు అన్నీ హైక్యూబ్ (మామూలు కంటైనర్ కన్నా ఎత్తైనవి), 2.896 మీటర్లు. ఐఎస్‌ఓ కంటైనర్ మోసే ట్రైలర్‌కు 2020 సవరణ తర్వాత నేల నుంచి 4.52 మీటర్ల దాకా అనుమతి ఉంది. అంటే ట్రైలర్ బెడ్ 1.62 మీటర్లు దాటకూడదు. దీన్ని ఖాళీ ట్రైలర్‌కే కొలవాలి. లోడుతో స్ప్రింగులు కుంగి నాలుగైదు సెంటీమీటర్లు తగ్గుతుంది. ఖాళీ డబ్బాతో తిరిగొచ్చేటప్పుడే బండి అన్నిటికన్నా ఎత్తు. వెళ్లేటప్పుడు తగలని కేబుల్ వైరు వచ్చేటప్పుడు తగిలేది అందుకే. కరెంటు రైలు లైన్ల గేట్ల దగ్గర ఎత్తు గేజి 4.67 మీటర్ల దగ్గర ఉంటుంది కనుక దాటొచ్చు, కానీ రైలు కింద సబ్‌వేలు అలా కావు. బోర్డు మీది అంకె చూడకుండా దిగొద్దు. ఈ బండితో అక్కడ వెనక్కి రావడం అంత సులువు కాదు. మొత్తం పొడవు, పుల్లర్ ముక్కు నుంచి ట్రైలర్ తోక దాకా, 18.75 మీటర్ల లోపు ఉండాలి.

కాగితాల్లో కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ట్రైలర్‌ది వేరే రిజిస్ట్రేషన్ అని. దానికి సొంత ఆర్‌సీ, సొంత ఫిట్‌నెస్ ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. ఇన్సూరెన్స్ పాలసీలో ట్రైలర్ నంబరు రాసి ఉండాలి. పుల్లర్‌కు ఉంది కదా అని వదిలేస్తే ప్రమాదం రోజున క్లెయిము నిలవదు. నంబరు ప్లేట్లలోనూ తిరకాసు ఉంది: 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్ సొంత నంబరు దాని పక్కన రాయాలి, వెనక మాత్రం లాగుతున్న పుల్లర్ నంబరు కనిపించాలి. రెండు ట్రైలర్లు మార్చి మార్చి తగిలించేవాళ్లు వెనక ప్లేటు మార్చడం మరిచిపోతారు. ఊళ్లో షెడ్డులో చవగ్గా కట్టించిన ట్రైలర్ ఎవరైనా చూపిస్తే ఏఐఎస్-113 (ట్రైలర్ల తయారీ ప్రమాణం) ఆమోదం ఉందో లేదో ముందు అడగండి, లేనిది రిజిస్టర్ కాదు. డ్రైవర్ లైసెన్సులో హెవీ ట్రాన్స్‌పోర్టుతో పాటు ట్రైలర్ నడపడానికి అనుమతి ఉందో లేదో చూడండి. ఫాస్టాగ్ ఐదు యాక్సిళ్ల తరగతికి తీసుకోండి. ఈ-వే బిల్లు రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన కనుక విశాఖకు రెండు రోజుల గడువు వస్తుంది. దారిలో పుల్లర్ మారితే ఆ బిల్లు పార్ట్-బి (బండి వివరాలుండే భాగం) లో నంబరు మార్చాకే కదలాలి.

ట్రైలర్ వెనకా పక్కలా గార్డులు నేల నుంచి 550 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రిఫ్లెక్టర్ టేపు. ఇది ఫిట్‌నెస్ కోసం అంటించే వస్తువు కాదు. మంచు కాలంలో తెల్లవారుజామున కాలవ రోడ్డు మీద అడ్డంగా తిరుగుతున్న స్కెలిటల్ ట్రైలర్ ఎదుటి మోటార్‌సైకిల్ వాడికి అసలు కనపడదు. పక్క టేపు మీద బురద ఎండి ఉంటే బయల్దేరేముందు తడిగుడ్డతో తుడవండి.

ఇక తగిలించడం. దీన్ని తొందరలో చేసినవాళ్లే ట్రైలర్‌ను రోడ్డు మీద వదిలేస్తారు.

ముందు ట్రైలర్ చక్రాలకు దిమ్మలు వేయండి. గాలి పైపు తీసిన ట్రైలర్‌కు బ్రేకు దాని ట్యాంకులో మిగిలిన గాలితోనే పట్టుకుని ఉండొచ్చు. రాత్రంతా నిలబెడితే ఆ గాలి దిగిపోతుంది, బ్రేకు వదిలేస్తుంది. తర్వాత ఎత్తు చూడాలి. ట్రైలర్ కింది ప్లేటు ఫిఫ్త్ వీల్ పైభాగం కన్నా రెండు మూడు సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. అప్పుడు పుల్లర్ వెనక్కి వచ్చేటప్పుడు ప్లేటు ఏటవాలు అంచు మీద ఒరుసుకుంటూ పైకెక్కి కూర్చుంటుంది. ట్రైలర్ ఎత్తుగా ఉంటే కింగ్‌పిన్ ఫిఫ్త్ వీల్ దవడల పై అంచున పడుతుంది. టక్ మని శబ్దం వస్తుంది, హ్యాండిల్ కూడా లోపలికి పోతుంది, లాక్ పడ్డట్టే ఉంటుంది. మొదటి గతుకు దగ్గర ఊడుతుంది. అందుకే శబ్దాన్ని నమ్మకూడదు.

తిన్నగా, అతి నెమ్మదిగా వెనక్కి రండి. లాక్ పడ్డాక ట్రైలర్ బ్రేకు పట్టి ఉండగానే మొదటి గేరులో ముందుకు మెల్లగా లాగి చూడండి, కదలకూడదు. తర్వాత హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, టార్చి తీసుకుని కిందికి దూరండి. మూడు చూడాలి. ప్లేటుకూ ఫిఫ్త్ వీల్‌కూ మధ్య వెలుతురు కనపడకూడదు. దవడలు కింగ్‌పిన్ మెడ చుట్టూ పూర్తిగా మూసుకుని ఉండాలి, తల దగ్గర కాదు. హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయి సేఫ్టీ క్లిప్పు పడి ఉండాలి. ఈ మూడింట్లో ఏది తేడాగా ఉన్నా విప్పి మళ్లీ మొదలుపెట్టాలి, సుత్తితో కొట్టి సరిచేయకూడదు.

గాలి పైపుల్లో పసుపుది ముందు, ఎరుపుది తర్వాత. ఎరుపు తగలగానే ట్రైలర్ బ్రేకు వదులుతుంది, ఆ సమయానికి పసుపు తగిలి ఉంటేనే పుల్లర్ పెడల్ ట్రైలర్ బ్రేకును నడిపించగలదు. తీసేటప్పుడు ఎరుపు ముందు. రెండూ తారుమారు చేస్తే ట్రైలర్ చక్రాలు పట్టేసి కదలదు. చివర రబ్బరు వాషర్ చిట్లి ఉంటే బుస్సుమని గాలి పోతుంది, రెండు వాషర్లు ఎప్పుడూ క్యాబిన్‌లో ఉంచండి. కరెంటు సాకెట్ 24 వోల్టులది. బ్రేకు లైటు, ఇండికేటర్లు ఒకరు వెనక నిలబడి చూడాలి. లెగ్గులు (విప్పిన ట్రైలర్‌ను నిలబెట్టే కాళ్లు) చివర్న ఎత్తండి, సగం కాదు, పూర్తిగా, హ్యాండిల్ మడిచి కొక్కేనికి తగిలించి. మన కాలవ వంతెనలు చాలావాటికి మధ్యలో మూపు ఉంటుంది, సగం ఎత్తిన లెగ్గు అక్కడ తగిలి వంగుతుంది. కదిలే ముందు గాలి పూర్తిగా ఎక్కాక ఇంజన్ ఆపి పెడల్ తొక్కి పట్టి గేజి చూడండి, ఒక నిమిషంలో ముల్లు జారుతుంటే లీకు ఉన్నట్టే.

పాత ట్రైలర్ కొనేటప్పుడు కింగ్‌పిన్‌ను వెర్నియర్‌తో కొలవండి. రెండంగుళాల పిన్ను మెడ దగ్గర కొత్తలో 50.8 మిల్లీమీటర్లు. 49కి అరిగితే మార్చాల్సిందే. చుట్టూ నాలుగు వైపులా కొలవండి, అది గుండ్రంగా కాదు, ఒక వైపే అరుగుతుంది. అరిగిన పిన్ను మీద వెల్డింగ్ పోసి గ్రైండింగ్ చేసింది కనపడితే ఆ బేరం వదిలేయండి. వేడి తగిలిన ఉక్కు పెళుసుబారుతుంది. ఫిఫ్త్ వీల్ మీద పాత గ్రీజు పూర్తిగా గోకి కొత్తది పెట్టాలి. దుమ్ము, ఊక కలిసిన పాత గ్రీజు మీదే కొత్తది పూస్తే ఇసుక కాగితంలా ప్లేటును తినేస్తుంది. జెన్‌సెట్ తగిలించాక కింగ్‌పిన్ నుంచి జెన్‌సెట్ ముందు మూలకు కర్ణం కొలిచి 15 సెంటీమీటర్లు కలపండి. క్యాబిన్ వెనక గోడ అంతకన్నా దగ్గరగా ఉంటే మలుపులో మూల క్యాబిన్‌ను చీరుతుంది.

మన రోడ్ల మీద ట్రైలర్‌కు అసలు పరీక్ష ఎన్‌హెచ్-16 మీద కాదు, ప్లాంటు గేటు నుంచి హైవే ఎక్కే ఆ కొద్ది కిలోమీటర్లే. పుల్లర్ 12 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతూనే ఉంటే, 8 మీటర్ల దూరంలో ఉన్న ట్రైలర్ చక్రాలు దాదాపు 9 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతాయి, అంటే మూడు మీటర్లు లోపలికి కోస్తాయి. ఎడమ మలుపులో ఆ మూడు మీటర్లలోనే వంతెన పిట్టగోడ, సైకిలు, కాలవ అన్నీ ఉంటాయి. స్టీరింగ్ తిప్పడం ఆలస్యం చేయండి, ట్రైలర్ వెనక చక్రాలు మలుపు మూల దాటేదాకా అద్దంలో చూస్తూ ఉండండి. క్లీనర్ దిగి ఎడమ వైపు నిలబడాల్సిందే.

ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలు అంచు దించొద్దు. రేగడి మట్టితో కట్టిన కాలవ గట్టు పైకి గట్టిగా కనపడుతుంది, సార్వా వానల్లో లోపల మెత్తగా ఉంటుంది. డబ్బా బరువంతా పైన ఉంటుంది కాబట్టి ఒక వైపు చక్రాలు ఒక అడుగు కుంగినా పక్కకు ఒరుగుతుంది. ఎక్కడ ఇద్దరం పట్టమో అక్కడికి రాకముందే, వెడల్పైన చోట ఆగి ఎదుటివాణ్ని పోనివ్వండి. దాళ్వా మాసూళ్లప్పుడు రోడ్డు సగం ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు తొక్కితే చక్రం జారుతుంది, ముందే నెమ్మదించాలి.

విశాఖకు తణుకు మీదుగా ఎన్‌హెచ్-16 ఎక్కి సిద్ధాంతం వంతెన, రావులపాలెం–జొన్నాడ వంతెన దాటి పోవడమే ఉత్తమం. దిగమర్రు, చించినాడ, రాజోలు, అమలాపురం, ఎదుర్లంక మీదుగా కాకినాడ పోయే ఎన్‌హెచ్-216లో ఊళ్లు ఎక్కువ, మలుపులు ఎక్కువ. ఆ దారినే పోవాల్సొస్తే వంతెనల మీద బరువు ఆంక్షలు పెట్టారేమో ఆ రోజు కనుక్కుని బయల్దేరండి. ధవళేశ్వరం బ్యారేజీ రోడ్డును, రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెనను ఈ బండికి లెక్కలోకే తీసుకోవద్దు. నాలుగు వరసల రోడ్డు మీద 80, మిగతా రోడ్ల మీద 60 వేగ పరిమితి. తిరుగు ప్రయాణంలో వాన పడుతుంటే ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగను అడ్డగించి డ్రైవ్ చక్రాలను నెమ్మదింపజేసేది) వాడకండి. ఖాళీ డబ్బాతో డ్రైవ్ చక్రాల మీద బరువు తక్కువ, అవి జారితే పుల్లర్ అడ్డం తిరిగి ట్రైలర్‌కు మడత పడుతుంది.

డబ్బా ఎక్కించాక నాలుగు మూలల ట్విస్ట్ లాకులూ (డబ్బాను ట్రైలర్‌కు బిగించే తాళాలు) చేత్తో తిప్పి చూడండి. చెరువుల దగ్గర ఉప్పునీరు కారి అవి తుప్పు పట్టేస్తాయి, తిరిగినట్టే ఉండి లోపల పట్టవు. వారానికోసారి మంచినీళ్లతో కడిగి నూనె వేయండి. గాలి ట్యాంకుల కింది డ్రెయిన్ కాక్‌లు రోజూ సాయంత్రం విప్పాలి, మన గాలిలో తేమకు ట్యాంకులో నీళ్లు చేరి బ్రేకు వాల్వులు పాడవుతాయి. ప్లాంటు యార్డులో లోడు ట్రైలర్‌ను విప్పి వదలాల్సొస్తే కాంక్రీటు మీదే వదలండి. మట్టి తప్పదంటే లెగ్గుల కింద రైలు స్లీపరు చెక్కలు రెండేసి అడ్డంగా వేయాలి. 13 టన్నులకు పైనే ఆ రెండు లెగ్గుల మీద పడతాయి. పొద్దున్నకి పది సెంటీమీటర్లు కుంగిందంటే పుల్లర్ కిందికి దూరదు, జాకీలతో లేపాలి, ఆలోగా జెన్‌సెట్‌లో డీజిల్ అయిపోతుంది.